సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లలో సెకండ్ ఇన్ కమాండ్: ఈ పాత్ర ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ తేలిపోతుంది?

జయనగర్ నాలుగో బ్లాక్ | శుక్రవారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. ఇక్కడ బెంగళూరులో నలుగురం కలిసి తెలుగులో ఒక ఆడియో సిరీస్ రాస్తున్నాం. 8 భాగాలు, ఒక్కోటి 22 నిమిషాలు. శని గ్రహం చుట్టూ ఉన్న స్థావరాలకు సరుకు చేరవేసే ఓడ, అందులో ఆరుగురు. కెప్టెన్ కుదిరాడు, ఇంజినీరు కుదిరాడు, డాక్టరమ్మ అయితే తనంతట తానే మాట్లాడేస్తోంది. సెకండ్ ఇన్ కమాండ్, అంటే కెప్టెన్ తర్వాతి స్థానంలో ఉండే అధికారిణి మాత్రం నిలబడట్లేదు. మెత్తగా రాస్తే "అలాగే కెప్టెన్" అనడం తప్ప ఆవిడకు పని లేదు. గట్టిగా రాస్తే కెప్టెన్ చేతకానివాడైపోతున్నాడు. టీవీలో ఈ పాత్రను బాగా రాసిన సిరీస్‌లు ఏవి, ఎలా రాశారు? ఎవరంటే ఇష్టమో కాకుండా, ఏ సన్నివేశంలో ఏం చేశారో చెబితే మాకు పనికొస్తుంది.

డెల్టా షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 9.40

ముందుగా స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ ఏడో సీజన్‌లో "గాంబిట్" రెండో భాగం చూడండి, 1993లో వచ్చింది. కెప్టెన్ పికార్డ్, ఆయన సెకండ్ రైకర్ ఇద్దరూ ఓడలో లేరు. కెప్టెన్ కుర్చీలో డేటా, సెకండ్‌గా వార్ఫ్. డేటా నిర్ణయం చెప్పేశాక వార్ఫ్ బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద అందరి ముందూ విసుక్కుంటాడు. డేటా అక్కడ మందలించడు. పక్క గదిలోకి రమ్మంటాడు.

ఆ గదిలో మాటల వరుస గమనించండి. వేరే దారులు చూపించడం సెకండ్ పనే కదా అంటాడు వార్ఫ్. డేటా అవునంటాడు. అయితే నిర్ణయం అయిపోయాక, అది నీకు నచ్చినా నచ్చకపోయినా అమలు చేయించడం నీ బాధ్యత అంటాడు. రైకర్ తన కెప్టెన్ మీద అందరి ముందూ ఇలా చిరాకు చూపించడం తనకు గుర్తులేదంటాడు. ఈ పని ఇష్టం లేకపోతే నీ పాత స్థానానికి వెళ్లిపో, ఇంజినీరు జియోర్డీని పెట్టుకుంటానని సూటిగా చెప్తాడు. వార్ఫ్ దిగొస్తాడు. అదంతా అయ్యాకే స్నేహం సంగతి ఎత్తుతాడు డేటా. స్నేహంతో మొదలుపెట్టి ఉంటే ఆ మందలింపు బతిమాలుకున్నట్టు ఉండేది.

మీ సమస్యకు ఇందులో జవాబుంది. వార్ఫ్ తెలివితక్కువగా ఏమీ మాట్లాడలేదు, ఆ తొందరకు కారణముంది. డేటా కూడా సరిగ్గానే నడిపిస్తున్నాడు. కాబట్టి సెకండ్ "వద్దు" అన్నంత మాత్రాన కెప్టెన్ చిన్నబోడు. ఆ మాట తలుపు వెనక పడిందా, తలుపు ముందు పడిందా అన్నదే చూడాలి. నలుగురి ముందూ పడితే ఇద్దరిలో ఒకరు ఓడిపోక తప్పదు.

పీణ్య పిచ్చుక | శుక్రవారం, రాత్రి 10.05

పాత్ర స్వభావం కంటే ముందు ఆవిడ రోజువారీ పని ఏంటో రాసుకోండి. నౌకాదళంలో సెకండ్‌ని ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ అంటారు, ఓడ లోపలి కాపురమంతా ఆ మనిషిదే. డ్యూటీ పట్టిక, క్రమశిక్షణ, సిబ్బంది తగాదాలు, నిప్పంటుకున్నా నీళ్లొచ్చినా ఏ తలుపు మూయాలి, ఎవరిని పంపాలి అన్నీ అక్కడే తేలాలి. కెప్టెన్ చూపు బయటికి, సెకండ్ చూపు లోపలికి. ఈ పంపకం లేని స్క్రిప్టులో సెకండ్‌కి కెప్టెన్ చెప్పిందే తిరిగి చెప్పడం తప్ప ఏముంటుంది?

డ్యూటీ పట్టిక మీకు కథ కూడా ఇస్తుంది. సముద్రం మీద పాత పద్ధతిలో 4 గంటలు డ్యూటీ, 8 గంటలు విశ్రాంతి. సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వంతును రెండేసి గంటల చొప్పున రెండుగా విరుస్తారు. అప్పుడు రోజుకు 7 వంతులవుతాయి, మూడు జట్లు తిరుగుతుంటే ఒకే జట్టుకు రోజూ అర్ధరాత్రి వంతు పడదు. మీ ఆరుగురినీ ఇద్దరేసి చొప్పున మూడు జట్లు చేయండి. కెప్టెన్, సెకండ్ ఒకే జట్టులో ఉండకూడదు. ఆయన పడుకున్నప్పుడు ఆవిడ మేల్కొని ఉండాలి. దాంతో ఇద్దరూ ఎదురుపడేది వంతు మారే ఆ పావుగంటలోనే. మీ గొడవలన్నీ ఆ పావుగంటలో పెట్టండి. ఒకరికి నిద్ర ముంచుకొస్తుంటుంది, ఇంకొకరు అప్పుడే లేచి ఉంటారు. ఆడియోకి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

మూడో జట్టు పెద్ద ఎవరో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కెప్టెన్ ఒకటి, సెకండ్ ఒకటి చెబితే ఆ రెండూ వినాల్సి వచ్చేది ఆ మనిషే. ఇంజినీరు అయితే బాగుంటుంది.

కబ్బన్ పార్క్ కాకి | శుక్రవారం, రాత్రి 10.31

డ్యూటీ పట్టిక మాట వచ్చింది కాబట్టి "చెయిన్ ఆఫ్ కమాండ్" చెప్పుకోవాలి, అదే సిరీస్, 1992 డిసెంబరు. పికార్డ్ స్థానంలో జెల్లికో అనే కెప్టెన్ వస్తాడు. మూడు షిఫ్టులను నాలుగు చేయమంటాడు. రైకర్ విభాగాధిపతులతో మాట్లాడతాడు, వాళ్లందరికీ ఇబ్బందేనని తేలుతుంది, ఆ మాటే జెల్లికోకి చెప్తాడు. అంటే ఇంకా మార్చలేదన్నమాట అంటాడు జెల్లికో. నా ఉద్దేశంలో తప్పు నూటికి నూరుపాళ్లు రైకర్‌దే. ఇది యుద్ధం ముంగిట వచ్చిన ఆదేశం. ముందు అమలు చేయాలి, ఇబ్బందులు తర్వాత చెప్పాలి.

బసవనగుడి వెన్నెల | శుక్రవారం, రాత్రి 10.52

కాకి గారూ, నూరుపాళ్లూ రైకర్ మీద వేయడం నాకు ఒప్పుదల కాదు. అదే జెల్లికో ఇంజినీరింగ్ సిబ్బందిలో మూడో వంతు మందిని భద్రతా విభాగానికి మార్చేస్తాడు, ఇంజినీరింగ్ పని మాత్రం పెంచుతాడు. జియోర్డీ గగ్గోలు పెట్టేది అందుకే. ఆదేశానికి ఎంత ఖర్చవుతుందో కెప్టెన్‌కి తెలియజేయడం సెకండ్ బాధ్యత. ఆ మాట చెప్పని సెకండ్ వల్ల ఓడకు ఏం లాభం?

అయితే రైకర్ జారిన చోటు ఒకటుంది. ఖర్చు చెప్పడం వేరు, చెప్పి అమలు ఆపడం వేరు. షిఫ్టు మార్పు మొదలుపెట్టేసి, ఏ విభాగంలో ఎంతమంది తక్కువ పడుతున్నారో అంకెలతో రాసి పట్టుకెళ్లి ఉంటే జెల్లికోకి కోప్పడే సందు దొరికేది కాదు.

ఆ రెండు భాగాల్లో అన్నిటికన్నా గొప్ప సన్నివేశం చివర్లో వస్తుంది. అప్పటికి రైకర్‌ని పదవి నుంచి తప్పించి డేటాను పెట్టాడు జెల్లికో. నెబ్యులా అనే ధూళి మేఘంలో మందుపాతరలు పరచడానికి షటిల్ అనే చిన్న ఓడ నడపాలి, అందరికన్నా బాగా నడిపేవాడు రైకర్. జెల్లికో స్వయంగా రైకర్ గదికి వస్తాడు. హోదాలు పక్కనపెట్టి ఇద్దరూ ఒకరి గురించి ఒకరు అనుకున్నది మొహం మీదే చెప్పేసుకుంటారు. ఎవరూ సారీ చెప్పరు. రైకర్ షటిల్ నడుపుతాడు. ఇద్దరి అభిప్రాయాలూ మారవు, పని మాత్రం ఆగదు. రాసేవాళ్లకు ఇది కష్టమైన పని, ఎందుకంటే గొడవపడిన ఇద్దరినీ కలిపేయాలని మన చెయ్యి ఊరికే లాగుతుంది.

డెల్టా షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 11.03

వెన్నెల గారి మాటే నాదీ. ఒకటి కలుపుతా. రైకర్‌కి సొంత ఓడ ఇస్తామని 1988లో ఒకసారి ("ది ఆర్సెనల్ ఆఫ్ ఫ్రీడమ్"లో ఆ ప్రస్తావన ఉంటుంది), 1989లో "ది ఐకరస్ ఫ్యాక్టర్"లో మరోసారి, 1990లో "ది బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్"లో ఇంకోసారి వింటాం. మూడుసార్లూ వద్దంటాడు. సెకండ్ ఇంకా సెకండ్‌గానే ఎందుకున్నాడు అన్న ప్రశ్న ప్రేక్షకుడికి వస్తుంది, దాన్ని తప్పించుకోలేం. ఆ 1990 కథలో షెల్బీ అనే అధికారిణి ఆ ప్రశ్నను అతని మొహం మీదే అడిగేస్తుంది, పైగా అతని కుర్చీ తనకు కావాలని దాచకుండా చెప్తుంది. పికార్డ్‌ని బోర్గ్ అనే శత్రుజాతి ఎత్తుకెళ్లాక రైకర్ కెప్టెనవుతాడు. అప్పుడు తన సెకండ్‌గా పెట్టుకున్నది ఆ షెల్బీనే. తనకు ఎదురు చెప్పే మనిషిని ఏరికోరి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రైకర్ మంచి సెకండ్‌గా ఎదిగాడు అనడానికి నాకు అదొక్కటి చాలు.

సరుకు ఓడ | శనివారం, ఉదయం 7.20

మీరంతా మర్యాదస్తుల దగ్గరే ఆగిపోయారు. బ్యాటిల్‌స్టార్ గలాక్టికా చూడకుండా ఈ పాత్ర రాయొద్దు. అందులో ఓడ కమాండర్ అడామాకి సెకండ్ అయిన కర్నల్ సాల్ టై తాగుబోతు, నోటి దురుసు, సిబ్బందికి ఇష్టం లేదు. అయినా 2003 మినీ సిరీస్‌లో అణు దెబ్బ తగిలి ఓడ కాలుతున్నప్పుడు ఆయన ఏం చేశాడో చూడండి. మంటలు పాకుతున్న గదులను మూసేసి, గాలి అంతరిక్షంలోకి వదిలేయమంటాడు. గాలి పోతే నిప్పు ఆరుతుంది. లోపల మనుషులున్నారు, ఇంకొంచెం సమయమివ్వండని చీఫ్ టైరల్ ప్రాణం పెట్టి అడుగుతాడు. టై ఇవ్వడు. 85 మంది చనిపోతారు, ఓడ నిలుస్తుంది.

పిచ్చుక గారు చెప్పిన ప్రమాద నియంత్రణ అంటే ఇదే. లెక్క కఠినమైనది, ఎవరో ఒకరు చెప్పాలి, కెప్టెన్ బయట శత్రువును చూస్తున్నాడు. టైని ఆ తర్వాత ఎవరూ మెచ్చుకోరు. టైరల్ కోపం చల్లారదు. ఈ ఒక్క సన్నివేశంతో, ఇలాంటి మనిషిని అడామా ఎందుకు పక్కన పెట్టుకున్నాడో తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు. అడామాకి తుపాకీ గుండ్లు తగిలి మంచం పట్టాక, 2005లో రెండో సీజన్ మొదట్లో, టై పౌరుల ఓడలతో సహా మొత్తం ఓడల గుంపునూ నడపాల్సి వస్తుంది. సైనిక పాలన ప్రకటిస్తాడు. గిడియన్ అనే ఓడలో సరుకు కోసం సైనికుల్ని పంపితే నలుగురు పౌరులు చనిపోతారు. ఒక ఓడ లోపలి లెక్కలు తెలిసిన మనిషికి జనాన్ని పాలించడం తెలియదు. సెకండ్ కుర్చీకి సరిపోయిన గుణమే మొదటి కుర్చీలో కూర్చోగానే హాని చేస్తుంది. మీ సెకండ్‌కి కూడా ఇలాంటి గుణం ఒకటి వెతకండి. ఆవిడను కెప్టెన్ కుర్చీలో ఒక్క భాగమైనా కూర్చోబెట్టకపోతే వినేవాళ్లకు ఆవిడెవరో పూర్తిగా తెలియదు.

ఆ సిరీస్‌లోనే పెగాసస్ ఓడ కథ ఉంది. దాడి ఆపాలని అక్కడి సెకండ్ ఆదేశాన్ని తిరస్కరిస్తే అడ్మిరల్ కెయిన్ అతని తుపాకీ అడిగి తీసుకుని, సిబ్బంది ముందే దానితోనే కాల్చేస్తుంది. ఆ స్థానంలోకి వచ్చిన ఫిస్క్ ఆ సంగతి టైతో మందు తాగుతూ చెప్తాడు. కాదని చెప్పే దారి మూసుకుపోయిన ఓడ ఎలా ఉంటుందో అక్కడ ప్రతి మొహంలోనూ కనిపిస్తుంది.

కబ్బన్ పార్క్ కాకి | శనివారం, ఉదయం 8.02

ఆ గాలి వదిలేసే సన్నివేశం సంగతి ఒప్పుకుంటాను. టై లేకపోతే అడామా పాత్ర సగమే.

తిమ్మరుసు అభిమాని | శనివారం, ఉదయం 9.15

ఆదేశాన్ని కాదనే సెకండ్ గురించి మన దగ్గరే ఒక పాత కథ ఉంది కదా. వీరనరసింహరాయలు తమ్ముడు కృష్ణరాయల కళ్లు పీకించి తెమ్మంటే తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించాడని చెప్పుకుంటారు. చరిత్రగా కాదు, కథగా చూడండి. అక్కడ మంత్రి అందరి ముందూ ఎదిరించలేదు, పదవి వదిలేసి పోలేదు. రాజ్యానికి ఏది అవసరమో చూసి ఆదేశాన్ని లోపల్లోపలే చంపేశాడు. బయటపడితే పోయేది తన తలే.

ది ఎక్స్‌పాన్స్ మొదటి భాగంలో (2015) హోల్డెన్ చేసింది ఇలాంటిదే. అతను కాంటర్‌బరీ అనే మంచు మోసే ఓడలో అయిష్టంగా సెకండయ్యాడు. ఆపదలో ఉన్నామని వచ్చిన పిలుపును పట్టించుకోవద్దని కెప్టెన్ తేలుస్తాడు. హోల్డెన్ రాత్రిపూట ఆ పిలుపును అధికారికంగా లాగ్‌లో (ఓడ రికార్డులో) నమోదు చేసేస్తాడు. నమోదయ్యాక వెళ్లి తీరాలి. వెళ్తారు, దాని ఫలితంగా కాంటర్‌బరీయే నాశనమవుతుంది. తిమ్మరుసు కథలో ధిక్కారం రాజ్యాన్ని కాపాడింది, ఇక్కడ ధిక్కారం ఓడను ముంచింది. రెండు చోట్లా సెకండ్ ఉద్దేశం మంచిదే. మీ సిరీస్‌కి రెండోదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం, ఎందుకంటే ఆవిడ ఎప్పుడూ ఒప్పే చేస్తే "మరి ఆవిడే కెప్టెన్ కావచ్చుగా" అంటారు.

బసవనగుడి వెన్నెల | శనివారం, ఉదయం 9.48

సెకండ్‌కి కెప్టెన్ ఇవ్వని బలం ఒకటి ఉండాలి. స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్‌లో సెకండ్ కీరా నెరిస్ స్టార్‌ఫ్లీట్ (స్టార్ ట్రెక్‌లోని అంతరిక్ష దళం) మనిషి కాదు, బజోర్ గ్రహ సైన్యంలో మేజర్. కథ జరిగే అంతరిక్ష స్టేషన్ కూడా బజోర్ వాళ్లదే. స్టేషన్ కమాండర్ సిస్కో ఆమెను ఊరికే తీసేయలేడు. 1993లో వచ్చిన "పాస్ట్ ప్రోలాగ్"లో ఆమె సిస్కోని దాటి నేరుగా అడ్మిరల్‌తో మాట్లాడుతుంది, సిస్కో గట్టిగా హెచ్చరిస్తాడు. ఆమెకు వెనక ఒక ప్రపంచం ఉంది కాబట్టే ఆ ఘర్షణకు బరువుంది.

స్టార్ ట్రెక్: వాయేజర్‌లో ఇదే ఏర్పాటు ఎలా వృథా అయిందో చూడండి. చకోటే తిరుగుబాటు మాకీ దళంలో కెప్టెన్, తన సిబ్బందితో సహా కెప్టెన్ జేన్‌వే ఓడలోకి వచ్చి ఆమెకు సెకండయ్యాడు. 1995లో మొదటి కథలోనే అంత నిప్పు రాజేసి పెట్టుకున్నారు. కొన్ని భాగాలు తిరిగేసరికి రెండు దళాలూ ఒకే యూనిఫాంలో ఒద్దికగా కలిసిపోయాయి. చకోటే మాట వినకపోతే తిరగబడతారు అనుకునే మనుషులే లేకుండా పోయారు, అతని బలమూ పోయింది. ఆ తిరుగుబాటు ఎలా ఉండేదో చూపించడానికి 1997లో "వర్స్ట్ కేస్ సినారియో"లో హోలోడెక్ (ఊహా ప్రపంచాన్ని నిజంలా చూపే గది) ఆటగా పెట్టుకోవాల్సి వచ్చింది. "స్కార్పియన్"లో జేన్‌వే స్పృహలో లేనప్పుడు బోర్గ్‌తో ఆమె చేసుకున్న పొత్తును చకోటే తెంచేస్తాడే, అక్కడ మాత్రం ప్రాణం ఉంటుంది. అలాంటివి ఇంకా ఉండాల్సింది. నాకు ఆ పాత్ర మీద ఇప్పటికీ బాధే.

జయనగర్ నాలుగో బ్లాక్ | శనివారం, మధ్యాహ్నం 1.30

అందరికీ ధన్యవాదాలు. వంతుల పట్టిక వెంటనే తీసుకుంటున్నాం. ఒక ప్రశ్న. ఆరో భాగంలో కెప్టెన్‌కి బుద్ధి నిలకడ తప్పుతుంది, సెకండ్ ఆయన్ని తప్పించాలి. ఎలా చేస్తే నమ్మేలా ఉంటుంది?

డెల్టా షిఫ్ట్ | శనివారం, మధ్యాహ్నం 2.10

1967లో వచ్చిన "ది డూమ్స్‌డే మెషీన్" చూడండి, మొదటి స్టార్ ట్రెక్ రెండో సీజన్. ఎంటర్‌ప్రైజ్ ఓడ కెప్టెన్ కిర్క్ పాడైపోయిన వేరే ఓడలో చిక్కుకుని ఉంటాడు. కమడోర్ డెకర్ తన పైహోదా వాడి సెకండ్ స్పాక్ చేతిలోంచి ఎంటర్‌ప్రైజ్‌ని లాక్కుంటాడు, చావు తప్పని దాడికి తీసుకెళ్తాడు. డెకర్‌ని తప్పించు అని డాక్టర్ మెకాయ్ అరుస్తాడు. పరీక్ష చేసిన వైద్య నివేదిక ఉందా అని స్పాక్ అడుగుతాడు. లేదు, చేసే వ్యవధీ లేదు. స్పాక్ ఆగిపోతాడు. ఒకచోట, ఇలా ఆత్మహత్యకు దిగితే అది మతి తప్పిందనడానికి రుజువవుతుందని చెప్పి డెకర్ చేత వెనక్కి తగ్గిస్తాడు. చివరికి సంబంధాలు కలిశాక కిర్క్ తన సొంత అధికారంతో ఆదేశమిస్తాడు, అప్పుడే స్పాక్ పగ్గాలు తీసుకుంటాడు.

అక్కడి ఉత్కంఠ అంతా నియమం నుంచే పుడుతోంది. కాబట్టి మీ నియమాన్ని రెండో భాగంలోనే, ఏ గొడవా లేని సందర్భంలో వినిపించండి. డాక్టర్ సంతకం, ఇంకో అధికారి సాక్ష్యం, లాగ్‌లో నమోదు, ఇలా మూడు ఉంటే సరిపోతుంది. ఆరో భాగంలో ఆ మూడింటిలో ఒకటి దొరక్కుండా చేయండి. డాక్టరమ్మ కెప్టెన్ పక్షం అయితే ఇంకా మంచిది.

పీణ్య పిచ్చుక | శనివారం, మధ్యాహ్నం 2.45

తప్పించడం ఒక్క అరుపుతో అయిపోకూడదు. "కమాండ్ నేను తీసుకుంటున్నాను" అన్నాక ఇంజినీరు, పైలట్ ఒక్కొక్కరూ ఏమంటారో వినిపించాలి. ఒకరు వెంటనే, ఒకరు ఆలస్యంగా, ఒకరు అసలు పలకకుండా. ఆ మౌనం ఎంతసేపో స్క్రిప్టులోనే రాయండి, 3 సెకన్లు అని. లేకపోతే ఎడిటింగ్‌లో కోసేస్తారు.

ఇంకో సంగతి, సెకండ్ అంటే నీడ అనుకునేవాళ్లకు మన ఊరి ఉదాహరణే చాలు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక పీణ్యలోని ఇస్రో వారి ఇస్ట్రాక్ కేంద్రంలో ప్రాజెక్ట్ డైరెక్టర్ వీరముత్తువేల్ మాట్లాడాక మైకు అందుకున్నది అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన. 2025లో యాక్సియమ్-4 అంతరిక్ష యాత్రలో శుభాంశు శుక్లా పైలట్, కమాండర్ పెగ్గీ విట్సన్. ఎవరి బాధ్యత ఏదో ముందే గీత గీసి ఉంటుంది, అందుకే ఆ కుర్చీకి గౌరవం.

సరుకు ఓడ | శనివారం, సాయంత్రం 4.05

ఆడియో కాబట్టి పిలుపుల మీద శ్రద్ధ పెట్టండి. టై అందరి ముందూ అడామాని సర్ అంటాడు, ఇద్దరే ఉన్నప్పుడు బిల్ అంటాడు. తెలుగులో మనకు ఇంకా వీలు. బ్రిడ్జి మీద "మీరు", వంతు మారే పావుగంటలో "నువ్వు". ఆరో భాగంలో ఆవిడ అందరి ముందూ మొదటిసారి "నువ్వు పడుకో" అంటే వినేవాళ్లకు అర్థమైపోతుంది.

ఫైర్‌ఫ్లైలో సెకండ్ జోయీ అయితే యుద్ధం ముగిసి ఏళ్లయినా కెప్టెన్ మాల్‌ని సర్ అనే పిలుస్తుంది. 2002లో వచ్చిన "వార్ స్టోరీస్"లో నిస్కా అనే నేరస్తుడు మాల్‌నీ ఆమె భర్త వాష్‌నీ చూపించి ఒక్కరినే ఎంచుకోమంటాడు. అతని మాట పూర్తికాకముందే భర్తను ఎంచుకుంటుంది. తర్వాత ఓడకు వెళ్లి మాల్ కోసం దాడికి సిద్ధమవుతుంది. విధేయతను ఇంత తక్కువ మాటల్లో చూపించిన సన్నివేశం నాకు ఇంకోటి తెలియదు.

జయనగర్ నాలుగో బ్లాక్ | ఆదివారం, ఉదయం 10.20

ఇప్పటికి ఇలా అనుకున్నాం. ఆవిడ స్థావరాల కార్మిక సంఘం తరఫున ఓడలో ఉన్న మనిషి, జీతం కంపెనీది కాదు. కెప్టెన్ మొదటి జట్టు, ఆవిడ రెండో జట్టు, ఇంజినీరు మూడో జట్టు. తప్పించే నియమం రెండో భాగంలో అగ్నిమాపక కసరత్తు మధ్యలో వస్తుంది. నాలుగో భాగంలో ఆవిడ ఒక ఆదేశాన్ని లోపల్లోపలే ఆపేస్తుంది, దానివల్ల ఒక సరుకు గది పోతుంది. ఆరులో కుర్చీ ఎక్కుతుంది. ఏడులో ఆ కుర్చీలో తప్పు చేస్తుంది. ఎనిమిదిలో కెప్టెన్ కోలుకుంటే కుర్చీ తిరిగి ఇచ్చేయాలా?

బసవనగుడి వెన్నెల | ఆదివారం, ఉదయం 10.41

ఇచ్చేయాలి, కానీ ఊరికే కాదు. ఆమె లాగ్‌లో ఏం రాసిందో కెప్టెన్ చదవాలి, చదివి సంతకం పెట్టాలి. తన గురించి రాసిన నివేదిక కింద తనే సంతకం పెట్టడం ఆయనకు కష్టం కావాలి. నాలుగో భాగంలో పోయిన సరుకు గది సంగతి కూడా ఆ లాగ్‌లోనే ఉండాలి, ఆవిడ చేతిరాతలోనే.

డెల్టా షిఫ్ట్ | ఆదివారం, ఉదయం 11.05

ఒక్క మార్పు. కార్మిక సంఘం మనిషి అన్న విషయం ఏడో భాగం దాకా బలంగా నడవాలి, చకోటేకి జరిగింది జరగనివ్వకండి. ప్రతి రెండు భాగాలకూ ఒకసారి సంఘం నుంచి ఆవిడకు ఒక సందేశం రానివ్వండి, అది కెప్టెన్ చూడకూడని సందేశం అయి ఉండాలి. 22 నిమిషాల్లో దానికి ఒకటిన్నర నిమిషం చాలు.